నీలం పెన్సిలు నాలా

మళ్ళొచ్చినవా కొమురమ్మక్కా? నిన్ననే చెప్పిన గదా, గా నక్ష దొరుకలేదని. మొన్న గూడ చెప్పిన. ఫిలింనగర్ గుట్ట కింది కెల్లి రెండు బస్సులు మారి గీడికొస్తవ్, ఆఫీసు మెట్ల మీద కూసుంటవ్. నువ్వు గిట్ల చూసుకుంట కూసుంటే నేను లోపల ఏం పని చెయ్యాలె చెప్పు?

లోపల అందరు నవ్వుతున్నరు. 'బాలనర్సయ్యా, నీ చుట్టం వచ్చింది పో' అంటున్నరు. నాకు షరమైతుంది.

రా, ఎండల ఎందుకు, గీ వరండల కూసో. బువ్వ తిన్నవా? తిననట్టే ఉన్నవ్. నా డబ్బల పచ్చిపులుసు బువ్వ ఉన్నది, సగం తిను. వద్దా? సరే, నేను గూడ తినను. నువ్వు ఎదురుంగ కూసుంటే ముద్ద ఎట్ల దిగుతది?

ప్లీడరు ఏమన్నడు? గదే మాటనా? చలపతిరావు గోడ కట్టిన జాగల అంతకు ముందు వాన నీళ్ళ నాలా ఉండెనని ఆఫీసు నక్షల చూపెట్టాలె, గప్పుడే జడ్జి సాబ్ గోడ ఆపుమంటడు... గంతేనా? సోమవారం దాకనేనా టైమ్? ఇయ్యాల శుక్రవారం గదా అక్కా!

ఆయనకు సిగ్గు లేదా అంటవా? ఏం చెప్పాలె. సినిమాలు తీసేటాయన. మొన్న శ్రావణంల వాన పడ్డ దినం గుట్ట మీది నీళ్ళన్ని ఆ గోడకే ఆగినయ్, ఆగి ఆగి గోడను తీసుకొని మీ గుడిసెల మీద పడ్డయ్. నీ బిడ్డ మంజులత పోయింది. నెల గాలే, మళ్ళ గాడనే కడుతున్నడు. ఈసారి ఇంకో నాలుగడుగులు ఎత్తు. కింద ఇరువై రెండు గుడిసెలు అట్లనే ఉన్నయ్. మళ్ళ వాన రాదా? వస్తది.

కాని నేనేం చెయ్యాలె? నేను గీసేటోన్ని. సార్లు చెప్తరు, నేను గీస్త. నా చేతుల ఏమున్నది, పెన్ను తప్ప?

అచ్యుతరామయ్య సారు యాదికున్నడా నీకు? ఎందుకుండడు. గుంటూరు దిక్కు మనిషి. ఎనభై ఏడుల గీ ఆఫీసుకు వచ్చుడు వచ్చుడే నన్ను పిలిచిండు. 'బాలనర్సయ్యా, ఎక్కడ కట్టాలో చెప్పేవాళ్ళు ఊరు నిండా ఉన్నారయ్యా. ఎక్కడ కట్టకూడదో మనం గీద్దాం' అన్నడు. గదే గీ నక్ష. గుండ్లు దొర్లే జాగకు అడ్డ గీతలు. కరెంటు పెద్ద తీగల కింద గళ్ళు. పైపుల నీళ్ళెక్కని ఎత్తుకు చుక్కలు. వాన నీళ్ళు పారే తొవ్వకు జంట గీతలు. ఏమీ లేకుంట తెల్లగుంటే, కట్టుకోవచ్చని మతలబు.

రెండు ఎండకాలాలు తిరిగినం అక్కా, జూబ్లీహిల్స్ గుట్టలన్ని. కొలిచే గొలుసు పట్టుకొని, గొడుగు పట్టుకొని. ఎక్కడన్న ఇల్లు కనపడితే చాలు, సారు పోయి అడుగుడే. 'అమ్మా, వానాకాలం నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయి?' అని. కొందరు కుక్కల్ని తోలిన్రు. నువ్వు మంచినీళ్ళిచ్చినవ్.

గా నల్ల బండ మీద చెయ్యి పెట్టి చూపెట్టినవ్ గదా, 'గీడిదాక వస్తయి సారూ, మా ఇంటాయన బతికున్నప్పుడు రెండుసార్లొచ్చినయ్' అని. సారు బండకు సున్నం బొట్టు పెట్టించిండు. 'నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. మనకి రెండూ కొమురమ్మే చెప్పేసింది' అని నవ్విండు. యాదికొచ్చిందా?

ఊఁ. ఏడువకు. నువ్వేడిస్తే నేనేం చెప్పలేను.

అంతకు ముందు నెలల ఒక కథ అయింది. నీకు తెల్వదు. సారుకు జొరమొస్తే నేనొక్కన్నే పోయిన, గుట్ట అవతలికి. పోతే గాడ ఒక గుడి! గోపురం, జెండ, గంట, విభూతి పెట్టుకున్న పూజారి. మస్తు పాత గుడి లెక్క ఉన్నది. చెప్పులిడిచి మొక్కిన గూడ. నక్షల గుడి గుర్తు పెట్టిన, పక్కా నల్ల సిరతోని.

వారమైనంక పెద్ద సార్లను తీసుకపోతే గుడేది? నాలుగు బొంగులు, చినిగిన గోనెసంచులు, విరిగిన సున్నపు బొమ్మలు. సినిమోళ్ళ సెట్టట అక్కా! పాట అయిపోంగనే పీకేసిన్రట. గా పూజారి గూడ యాక్టరే.

నవ్వకు. నవ్వలేదా? ఒక్కదానివే నవ్వలే నువ్వు. ఈ ఆఫీసుల ఐదేండ్ల సంది నవ్వుతనే ఉన్నరు. 'గుడి నర్సయ్య' అని పేరు పెట్టిన్రు. చాయ్ తెచ్చేటోడు గూడ 'తీర్థం తెమ్మంటవా సారూ' అంటడు. నా ఇంట్ల గూడ తెలిసింది. రహమత్ నగర్ల కిరాయి ఇంటాయన గూడ అడిగిండు, 'గుడి ఎట్లుండె నర్సయ్యా' అని. గట్ల పోయింది నా ఇజ్జత్.

గప్పటి సంది నాకు నేనే ఒట్టు పెట్టుకున్న. నా కండ్లతోని చూడందానికి సిర పెట్టొద్దు.

మరి నీ నాలా? నువ్వు చూపెట్టినప్పుడు ఏమున్నది గాడ? ఎండకాలం. ముండ్ల చెట్లు, ఒక గుంత. చుక్క నీళ్ళు లేవు. జర దూరంల సినిమోళ్ళు పాటకని కాలువ తవ్వి, ట్యాంకర్లతోని నీళ్ళు నింపి, అండ్ల పడవ గూడ తిప్పుతున్నరు! మీకు తాగనీకి బిందెడు నీళ్ళు లేవు, గాడ పడవ. గది చూసిన కండ్లకు ఏది నిజమో ఏది సెట్టో ఎట్ల తెల్వాలె? ఉన్న కాలువేమో ఉత్తది, లేని కాలువేమో అసలుది. నాకు భయమైంది అక్కా. మళ్ళ నవ్వుతరని. గందుకే నీ నాలాను నీలం పెన్సిలుతోని గీసిన.

ఏమైతదా? చెప్త ఇను. మా కాడ ప్రింటు తీసే మిషన్ ఉంటది, అమ్మోనియ వాసనకు కండ్లు మండుతయ్. దాంట్ల నల్ల సిర పడతది. నీలం పెన్సిలు పడది. గందుకే కచ్చ గీతలన్ని గా పెన్సిలుతోనే గీస్తం, ప్రింటుల కనపడొద్దనే. పక్కా అయినంక సిర పెడతం. మా పనోళ్ళందరికి గిదే రివాజు.

వానాకాలం వచ్చినంక చూసి సిర పెడదామనుకున్న. గా యేడు వానలే పడలే. ఇంతల అచ్యుతరామయ్య సారును విశాఖపట్నం తోలిన్రు. కొత్త సారొచ్చిండు. ఇండ్ల జాగలు పంచేటోళ్ళు నక్ష కావాలన్నరు, సాయంత్రం లోపల ఆరు ప్రింట్లు తియ్యుమన్నడు. నేను చెప్పిన, 'సారూ, ఒక గీత ఇంక కచ్చగున్నది' అని. 'పక్కా అయినప్పుడు చూద్దాం, ఉన్నది తీసియ్యి' అన్నడు. తీసిచ్చిన. ఆరు ప్రింట్లల్ల నీ నాలా కాడ తెల్లగున్నది. ఆ తెల్ల జాగలనే చలపతిరావు ప్లాటు.

గంతే. నా తప్పేమున్నది?

గట్ల చూడకు.

మంది ఏమంటున్నరో నాకెరికే. బాలనర్సయ్య పైసలు తిన్నడంటున్నరు గదా, మీ గుడిసెలోళ్ళు? తిన్నా బాగుండు అక్కా! తిన్నోనికి తిన్న రుచన్న ఉంటది. నాకు గది గూడ లేదు.

మంజులత నాకు తెల్వదా? నాలుగైదుసార్లు బస్సుల కలిసింది. సినిమాలల్ల పెండ్లి సీనుంటే వెనుక వరుసల నిలబెట్టేటోళ్ళు. 'మామా, నన్ను చూసినవా, పచ్చ చీర, తలుపు పక్కన' అని అడిగేది. చూసిన బిడ్డా, మంచిగున్నవ్ అనేటోన్ని. నేను ఏ సినిమ చూడలే అక్కా. ఒక్కటి గూడ చూడలే.

ఇంకో అబద్దం గూడ ఉన్నది. ఇప్పుడే చెప్పిన నీకు. కొత్త సారుతోని 'ఒక గీత కచ్చగున్నది' అన్ననని చెప్పిన గదా? అనలే. నోటి దాక వచ్చింది. గాడ ఇంకో ముగ్గురు నిలబడ్డరు. 'గుడి నర్సయ్యకు ఇప్పుడు నది గూడ దొరికిందా' అంటరని నోరు మూసుకున్న.

ఇంక... అచ్యుతరామయ్య సారు పోయే దినం నా భుజం మీద చెయ్యేసి చెప్పిండు. 'కొమురమ్మ నాలాకి సిరా పెట్టెయ్యవయ్యా. ఆనవాళ్ళు నేను చూశాను, ఇసుక చూశాను. అనుమానం లేదు' అని. సరే సారూ అన్న. అర్ధగంట పని. ఆయన పోయినంక గూడ మూడు నెలలు గా నక్ష నా బల్ల మీదనే ఉన్నది. దినాం చూసిన. దినాం రేపు అన్న.

సారుకు రాయలేదా అంటవా? రాసిన, గోడ పడ్డంక. జవాబు రాలే. ఆయన బతికున్నడో లేడో గూడ తెల్వదు.

ఆగు. లెవ్వకు. గింత చెప్పినంక మిగిలింది గూడ చెప్పనియ్యి.

నక్ష దొరుకలేదని మూడుసార్లు చెప్పిన గదా? ఉన్నది. పోనే పోలేదు. గీ గోడ అవతల, రెండో బీరువల, పైన వరుసల. గోడ పడ్డ మర్నాడు తొమ్మిదింటికే వచ్చిన, ఊడ్చేటామె గూడ రాలే. నక్ష విప్పిన. నీలం గీత గట్లనే ఉన్నది, ఐదేండ్లైన జరంత పలుచబడ్డది, గంతే. గుట్ట మీదికెల్లి మొదలై, చలపతిరావు ఇంటి నడిమిట్ల కెల్లి, మీ గుడిసెల దాక. ఎవలన్న చూస్తే ఏమంటరు? తెలిసీ సిర పెట్టలేదంటరు. రబ్బరు తీసుకొని తుడిచిన అక్కా. ఎవ్వరు చెప్పలే. కొత్త సారు చెప్పలే, చలపతిరావు చెప్పలే. నేనే. గప్పుడు మీరు మంజులతను దవాఖాన కెల్లి ఇంటికి తెస్తున్నరు.

ఏమన్న అను. తిట్టు. చెప్పు తీసుకొని కొట్టు.

ఏందీ? గిదే మాట కాయిదం మీద రాసియ్యాల్నా?

ప్లీడరు గది గూడ చాలన్నడా? నక్ష లేకుంటే గీసినోడు వచ్చి నిజం చెప్తే చాలు, గోడ ఆగుతదన్నడా? గిది ముందుగాల ఎందుకు చెప్పలే నువ్వు? చెప్పినవా? నిన్ననేనా? నేను ఇనలే కావచ్చు.

ఇరువై రెండు గుడిసెలు. ఎరికే. పిల్లలున్నరు, ఎరికే. పేర్లు చెప్పకు. ఒక్కొక్క పేరు చెప్తే నేనేమైపోవాలె?

రాసియ్య అక్కా.

నౌకరి పోతదని కాదు. జైలుకని గూడ కాదు. ఏమో, కావచ్చు, అన్ని కావచ్చు. కోర్టుల గంత మంది ముందట నిలబడి, నేను తుడిచిన అని... నా నోరు లేవదు. నాకు చాత కాదు. నువ్వు కాళ్ళు పట్టుకున్నా చాత కాదు. పట్టుకోకు, లే, లే, అందరు చూస్తున్నరు!

మరి నాకెందుకు చెప్పినవ్ అంటవా?

ఎవలకన్న చెప్పకుంటే ఊపిరి ఆడుతలేదు. ఇంట్లదానికి చెప్తే రేపు బస్తీకంత తెలుస్తది. ఈ ఆఫీసోళ్ళకు చెప్పేదే లేదు. నువ్వైతే సదువు రానిదానివి, గుడిసెల దానివి, బిడ్డ పోయి మతి తప్పిందంటరు. నువ్వు పోయి ఎవలతోని చెప్పినా నమ్మరు. గందుకే నీకు చెప్పిన.

లే అక్కా. రెండున్నర బస్సు పోతే మళ్ళ నాలుగింటి దాక లేదు.