ఓబుళేసు ట్రాక్టరు, ఈరప్ప బండలు

ఎంత చేనుకు ఎంత ట్రాక్టరు కావాలో ఈ చుట్టుపక్కల ఎవురికన్నా తెలుసునంటే అది నాకే. నాకు సదువు రాదు. పేరు మటుకు రాస్తా, అదీ నిదానంగా. కానీ కొలత తప్పినోణ్ణి కాదు. నా భుజాన కొలిచే మోకుతాడు లేకుండా నన్ను ఎవురూ చూసిండరు.

అందుకే ఆ పొద్దు గంగాధరప్ప నేరుగా నా కాడికే వచ్చినాడు. నేను అమీనాబీ టీ అంగట్లో కూర్చోనుండా. గంగాధరప్ప బెంగుళూరులో గార పని చేసి చేసి పోయినేడే ఊరికి వచ్చినాడు. వాళ్ల నాయన ఇచ్చిన అయిదెకరాలు నా చేనికి ఆనుకోనే ఉండాది.

"మామా, ట్రాక్టరు పెద్దదా చిన్నదా?" అన్నాడు. "పది గంటల బస్సుకు కళ్యాణదుర్గం షోరూముకు పోయి ఏదో ఒకటి చెప్పాల. ఎద్దుల్ని సంతలో అమ్మేసినా. మొన్న పడిన వానకు నేలలో పదును ఇంకో అయిదు దినాలుంటాది. తప్పు ట్రాక్టరు తెస్తినంటే ఈయేడు నా చేన్లో శెనక్కాయ విత్తు పడదు."

బెంచీ ఆ చివర ఈరప్ప కూర్చోనుండాడు. ఆయప్పకూ నాకూ నాలుగేండ్లుగా మాటల్లేవు. ఎందుకని ఇప్పుడే అడగొద్దండి.

"కూర్చో, చెప్తా" అంటి.

నాలుగేండ్ల కింద నేను షోరూముకు పోయినా గదా. ఆడ టై కట్టుకున్న ఆయప్ప ఒకడు కాగితం పట్టుకోని, ఇది ఇరవై అయిదు గుర్రాల బలం, ఇది యాభై గుర్రాల బలం అని చదవతా ఉంటే, "నేనెప్పుడూ గుర్రాల్ని సాకలేదు నాయనా, ఎద్దుల్లో చెప్పు" అంటి. కాగితమంతా తిరగేసినాడు, యాడా ఎద్దు లేదు. నేను నవ్వి మోకు తీసినా. నా చేనికి బండిదారి ఒకటే, సన్నంది. ఆ దారి ముందే కొలిచి మోకుకు ముడేసుకోని పోయినా. యాభై గుర్రాల దాని ముందరికి పోయి ఈ చక్రానికీ ఆ చక్రానికీ పట్టినా. సరిగ్గా ముడి కాడికి వచ్చింది. వేలెడు తేడా లేదు. షోరూములో ఉండేటోళ్లంతా లేచి నిలబడినారు.

"దండం పెట్టినారా అన్నా?" అని అమీనాబీ.

"ఒకరిద్దరు పెట్టినారు."

ఈరప్ప దగ్గినాడు. "అమీనా, నా టీలో చక్కెర తగ్గించు. ఈడ ఇప్పటికే తీపి శానా అయింది."

నేను వినబడనట్లే ముందుకు పోతి.

ఆమీద ఏమైందో ఎరుకేనా? కళ్యాణదుర్గంలో కీ తిప్పినా. ఆ శబ్దం ఊళ్లో నా పెండ్లాం సుబ్బలక్ష్మమ్మకు వినబడింది. ఓహో బయలుదేరినాడని బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. అన్నం ఉడికేలోపల నేను ఇంటి ముందర కాళ్లు కడుక్కుంటాండా. అంత వడి. తినేసి చేన్లో దింపినా. దింపి, బీడీ నోట్లో పెట్టుకోని అగ్గిపుల్ల గీసినా. పుల్ల ఆరేలోపల నా ఆరెకరాల దుక్కీ అయిపోయింది, బీడీ ఇంకా అంటుకోనే లేదు.

గంగాధరప్ప బుద్ధిమంతుడు. "ఆరెకరాల్లో అంత పెద్దదాన్ని మలుపుకునేదెట్ల మామా?" అన్నాడు.

"మంచి మాట అడిగినావు. ఈడ యాడ మలుగుతాది అది? నేరుగా ఉరవకొండకు పోయి, ఆడ బయలుండాది, ఆడ మలుపుకోని వస్తాంటి. పోను ఒక దుక్కి సాలు, రాను ఒక సాలు. వెనక కల్టివేటరు ఎత్తేది మరిచిపోయినా. మన ఊరి పక్కన నీళ్లు పారే వంక ఉండాది చూడు, దాన్ని మీరంతా వంకంటాండారు. అది నా సాలు."

"అగ్గిపుల్ల ఆరేలోపలేనా?"

"ఆ పొద్దు గాలి లేదు."

"మా నాయన చిన్నప్పుడు ఆ వంకలో చేపలు పట్టినాడంట" అనింది అమీనాబీ, గ్లాసులు కడుగుతా.

"పట్టింటాడు. అప్పుడది చిన్న వంక."

ఇంక పంట సంగతి చెప్పల్ల గదా. ఆ లోతు దుక్కికి శెనక్కాయ ఎట్ల కాసిందనుకున్నారు, కాయ ఒక్కొక్కటి ఈ టీ గ్లాసంత. చెట్టు పెరికేదానికి పదిమంది కూలోళ్లు నడుములు పట్టుకోని లాగినా రాల్యా. నేను ఇదే మోకు చెట్టుకు కట్టి ట్రాక్టరుతో లాగినా. చెట్టు వచ్చింది, దాంతో వేరు వచ్చింది, వేరుతో బోడికొండ వచ్చింది. ఎట్లనంటావా, వేరు కొండ కిందికంటా పోయుండాది. తూరుపు దిక్కున ఉండే కొండ ఊరి మీదికి రెండు బారలు జరిగింది. నేను గబుక్కున బ్రేకు తొక్కినా కాబట్టి సరిపోయింది, లేకుంటే ఈ అంగడి యాడుండును? అప్పట్నుంచి మన ఊళ్లో పొద్దు ఆలస్యంగా పొడుస్తాది. బడికి రోజూ ఆలస్యంగా వచ్చే అయివారిని అడుగు, ఆయప్పే చెప్తాడు.

"మరి ఇప్పుడు మీ ఇంటి ముందర ఉండేది చిన్న ట్రాక్టరు గదా మామా?"

"అదే ఇది. ఆరెకరాల్లో దానికి చేతినిండా పని దొరకల్యా. ఎద్దుకు పని లేకుంటే బలుస్తాది. ట్రాక్టరు చిక్కిపోతాది."

అప్పుడు గంగాధరప్ప నవ్వింటే బాగుండు. నవ్వల్యా. లేచి నిలబడి, పంచె సర్దుకోని, "సరే మామా. కొండ సంగతి ఎట్లున్నా, నీ అంత అనుభవస్థుడు పెద్దదే తెచ్చినాడంటే నేనూ పెద్దదే చెప్తా" అన్నాడు.

అమీనాబీ గ్లాసు పక్కన పెట్టింది. "కూర్చో గంగాధరా, బస్సు రాలేదింకా. ఓబుళేసన్నా, ఒక మాట చెప్పు. నీ పెద్ద ట్రాక్టరు మూడు నెలలు ఈ అంగడి ముందరే నిలబడిందా లేదా? దాని సీటు కింద మా కోడి పొదిగింది. పదకొండు పిల్లలు. అంత తిరిగే ట్రాక్టరు కింద కోడి ఎట్ల పొదిగింది?"

"అది శానా ధైర్యం గల కోడి" అంటి.

అప్పుడు ఈరప్ప మాట్లాడినాడు. నాతో కాదు, చేతిలో గ్లాసుతో.

"ముందర చక్రాలు కొలిచినాడు. ఎద్దులబండికి ఉండేది ఒకటే ఇరుసు గదా, ఆ లెక్కన కొలిచినాడు. ట్రాక్టరుకు వెనక చక్రాలు ఇంకా వెడల్పని చూసుకోల్యా. బండిదారిలో నా గట్టు కాడ రెండు బండలుండాయి. వాటి నడుమ ముందర చక్రాలు పోయినాయి, వెనకవి ఇరుక్కున్నాయి. పదిమంది వెనక్కి లాగితే వచ్చింది. చేన్లో ఒక్క సాలు దున్నింటే ఒట్టు. మూడు నెలలకు దాన్ని ఇచ్చేసి ఈ చిన్నది తెచ్చుకున్నాడు. రబ్బరు మచ్చ ఈ పొద్దుకీ బండ మీద ఉండాది, పోయి చూసుకో."

"బండ తీసింటే ఏం పోయింది కొందరికి?" అంటి నేను, అమీనాబీతోనే.

"తీస్తే గట్టు తెగుతాదని చెప్పు అమీనా" అన్నాడు ఈరప్ప. "నా చేని మన్నంతా పోయి వంకలో పడుతాది. కాదు కాదు, ఆయప్ప సాల్లో పడుతాది."

అమీనాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకునింది. నాకు కోపం వచ్చింది. ఏదో ఒకటి అందామని నోరు తెరిచినా. అంతలో గంగాధరప్ప నా పక్క తిరిగి, మెల్లిగా, "మామా, నా చేనికి పోయేదీ ఆ దారే గదా" అన్నాడు.

ఆ సంగతి నాకు తట్టలేదు. కొండ కదిలించినప్పుడు తట్టలేదు, వంక తవ్వినప్పుడు తట్టలేదు. ఎద్దులు లేవు వానికి. పెద్దది తెచ్చి బండల కాడ నిలబెట్టుకుంటే పదును ఆరిపోయేదాకా చూస్తా ఉండాల్సిందే. ఆ చూసేది ఎట్లుంటాదో నాకు తెలుసు. మూడు నెలలు చూసినా.

భుజాన ఉండే మోకు తీసి వాని చేతిలో పెట్టినా. నా మోకు నేను ఎవురికీ ఇచ్చేది లేదు, మా సుబ్బలక్ష్మమ్మకు కూడా ఇయ్యను.

"ఆ ముడి చూడు. అది బండల నడుమ కొలత. తప్పుండదు. దాన్ని వెనక చక్రాలకు పట్టు, బయటి అంచు నుంచి బయటి అంచుకు. ముందరివాటిని చూడనే చూడొద్దు. కల్టివేటరుకు కూడా పట్టు. ముడి దాటిందంటే ఆ ట్రాక్టరు నీది కాదు, ఎన్ని గుర్రాలున్నా సరే. మోకు ఎవురిదని అడిగితే ఓబుళేసుదని చెప్పు."

వాడు తలకాయ ఊపి మోకు భుజాన ఏసుకున్నాడు. బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీ లోంచి తల బయటికి పెట్టి, "చిన్నదే మామా" అన్నాడు. బస్సు పోయింది. మొకంలో భయం పోయి శానా తేటగా ఉండాడు వాడు.

నేను పైగుడ్డ దులుపుకోని మళ్లా కూర్చుంటి. "చూసినారా" అంటి. "చిన్నది కొనమని నేను గట్టిగా చెప్పబట్టి గానీ, లేకుంటే మునిగిపోయిండును వాడు."

ఈరప్ప గ్లాసు కింద పెట్టినాడు.

"అమీనా, ఆయప్పకు నా లెక్కలో ఇంకో టీ పొయ్యి. కొండ లాగి అలిసిపోయింటాడు."

నేను తాగినా. ఈరప్ప మీద ఉండే కోపం అట్లే ఉండాది, అది ఎక్కడికీ పోదు. టీ మీద నాకేం పగ లేదు.