మోకాలాయన పరుగు

ఫిజియోథెరపీ క్లినిక్ మూసే వేళ. కౌంటర్ వెనక అక్క బిల్లులు సర్దుతోంది. తమ్ముడు చికిత్స బల్ల తుడుస్తున్నాడు.

“మోకాలాయన బాకీ ఇంకా రాలేదురా.”

“ఇస్తాడులే అక్కా. మంచివాడు.”

“కుంటినన్నాళ్లూ ఎంత మంచివాడో! ‘మీరు దేవుడండీ’ అన్నాడు. నువ్వు ఉబ్బిపోయి, ‘అంతా తగ్గాక ఒకేసారి ఇద్దురుగాని’ అన్నావు. ఆ ముక్క ఎవరు అనమన్నారు నిన్ను?”

“నొప్పితో ఏడుస్తున్న మనిషిని డబ్బెలా అడగను?”

“నొప్పి తగ్గాక మనిషే కనపడడుగా! భుజం మేడమ్‌కీ అదే మాట, నడుం తాతగారికీ అదే మాట. అందరికీ తగ్గింది. మన అద్దె ఒక్కటే తగ్గలేదు. కరెంటు బిల్లు నీ దేవుడితనంతో కడతావా? ఇల్లుగలాయన వచ్చినప్పుడల్లా నువ్వు పేషెంటు ఉన్నాడంటూ లోపలికి దూరతావు. ఇక్కడ పళ్లికిలించేది నేను.”

“రేపు మోకాలాయనకి ఫోన్ చేస్తాను.”

“ఎత్తడు. పొద్దున బజార్లో కనిపించాడు. ‘ఏమండీ’ అని పిలిచానో లేదో, రోడ్డు దాటి పరుగో పరుగు.”

తమ్ముడి చేతిలో గుడ్డ ఆగింది.

“పరిగెత్తాడా?”

“ఆఁ, పరిగెత్తాడు.”

“కాలు ఈడ్చకుండానా?”

“ఈడ్చకుండానే.”

“మరి అవతల మెట్టెక్కేటప్పుడు? మోకాలు పూర్తిగా వంగిందా?”

అక్క బిల్లులు సొరుగులో పడేసి తాళం వేసింది. తాళంచెవి బల్ల మీదికి విసిరింది.

“వంగిందిరా నాయనా, భేషుగ్గా వంగింది. రేపటి నుంచి నేను రాను. ఇల్లుగలాయన ముందు వంగాల్సింది ఇక నీ నడుమే.”