తీసేసే పేర్ల లిస్ట్

హనుమకొండలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్. మూడేళ్లుగా ఒకే బెంచీ మీద కూర్చుంటున్న ఇద్దరమ్మాయిలు, క్లాసు టూర్ బస్సు సీట్ల కోసం రాసిన ప్రోగ్రాం ముందు కూర్చున్నారు.

"మల్ల ఆగిపోయిందే! టూర్‌కు రానోళ్ల పేర్లు తీసెయ్యమన్న, అంతే."

"ఒక్కో పేరు చూసుకుంట లూప్ తిరుగుతుండగనే, ఆ పేర్లు, సీట్లు పెట్టిన డిక్షనరీలకెల్లి పేర్లు తీస్తే గట్లనే ఆగిపోతది. నడుమల సైజు మారుతది గద."

"మరేం జెయ్యాలె?"

"తీసేసేటోళ్ల పేర్లు ముందుగాల వేరే లిస్ట్‌ల రాసి పెట్టుకో. లూప్ అయిపోయినంక ఒక్కొక్కటి తీసెయ్."

"నిన్నటిదాక నీకు సుత తెల్వదు. ఎవలు చెప్పిండ్రు?"

"నవత."

"రోజూ వర్ధన్నపేట బస్సు దిగి అరగంట లేటొచ్చే నవతనా?"

"లేటొస్తే ఏందే? బుర్ర మంచిగ పనిచేస్తది."

"నాకు లేదన్నట్టు! నిన్న నన్ను లైబ్రరీల కూసోబెట్టి, జిరాక్స్ అని చెప్పి పోయింది ఆమె కాడికేనా?"

"జరసేపే పోయిన. కోపం తర్వాత, ముందు చెప్పినట్టు రాసి రన్ చెయ్."

"చేసిన. నడిచింది."

"చూసినవా!"

"చూసిన. నువ్వు ఎక్కించిన సీట్లల్ల నీ పక్కన నవత అని ఉంది."

"ఆమెనే అడిగిందే. కాదని ఎట్లంట?"

"నా పక్కన కూసునేటామె వేరే ఉందని చెప్పాలె."

"ఒక్క బస్సు సీటుకు ఇంత లొల్లా?"

"సీటు పోతే పోనీ. నా పేరు ఆ వేరే లిస్ట్‌ల ఎప్పుడు రాసి పెట్టుకున్నవో అది చెప్పు."