నాలుగో గుండు

ముందే ఒప్పుకుంటున్నా: పాట పెట్టకుండా ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పక్కవాళ్ల మాటలు వినడం బీటెక్‌లో నేర్చుకున్నాను. భద్రాచలంలో దవాఖానా చీటీల లైన్లో నా ముందు ఒక అక్క, అప్పుడే గీయించుకున్న గుండుతో ఆమె తమ్ముడు ఉన్నారు.

“ఆట మానేస్తనని రామయ్యకు గుండిచ్చిన గదా అక్కా. ఇంక డాక్టరెందుకు?”

“ఇది నాలుగో గుండురా. ప్రతిసారి జుట్టు మొలవకముందే ఫోన్‌ల మళ్ల రమ్మీ పెడ్తివి.”

“ఈసారి నిజంగ మానేస్త.”

“అమ్మ పోయిన రోజు యాడున్నవ్?”

“వార్డు బయటనే ఉన్న.”

“చిన్నోడేడని అడిగింది. మందులకు పోయిండని చెప్పిన.”

“ఒక్క ఆట అయినంక లోపలికొద్దామనుకున్న.”

“తెలుసు. కిటికీల నుంచి చూసిన.”

“మరి పిలువకపోతివి?”

“రెండుసార్లు పిలిచిన. నువ్వు తల ఎత్తలే.”

లైను జరిగి వాళ్ల వంతు వచ్చింది.

“ఏ డాక్టరుకు? ఏంది బాధ?” అని కౌంటర్లోంచి అడిగారు.

అక్క చెప్పబోయింది. తమ్ముడు ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

“ఆట ఆగుతలేదు సార్. నాతోని అయితలేదు.”

మీ ఇంట్లో ‘నాతోని అయితలేదు’ అన్న మాట మొదట ఎవరన్నారు? నాకు రాయండి.