ఈత సంఘం టైపిస్టమ్మ

కమిటీలో రెండు కుర్చీలు ఈత కొట్టేవాళ్ళకే ఎందుకు పెట్టారంటే అక్కడ ఎవరూ చెప్పలేకపోయారా? ఆ కార్యదర్శి "ఎప్పట్నుంచో ఉన్న రూలమ్మా" అన్నాడా? బాగుంది. ఎప్పట్నుంచో ఏం లేదు. నేను ఆ కొలను దగ్గర పంపు మేస్త్రీగా చేరిన నాలుగేళ్ళకి వచ్చింది. ఇలా కూర్చో చెప్తాను. ఆ తడి తువ్వాలు కుర్చీ మీద వెయ్యకు తల్లీ, మీ అమ్మ వచ్చి నన్నంటుంది. ఇవాళ నువ్వెళ్ళి కూర్చున్నావే, ఆ కుర్చీ టైపిస్టమ్మ పుణ్యం.

అప్పట్లో ఈత సంఘం ఆఫీసంటే బట్టలు మార్చుకునే గదుల వెనక రెండు గదులు, అంతే. మధ్యలో గోడ, గోడకి ఇవతల నా పంపులు. ఆవిడ టైపు కొడుతుంటే నా మోటారు మోతలో కూడా టకటకా వినపడేది. మాట మాత్రం వినపడేది కాదు. నత్తి. మామూలు నత్తి కాదు, ఏదో ఒక అక్షరం దగ్గర పడిందంటే అది బయటికొచ్చేదాకా కళ్ళు మూసుకుని అలా నిలబడిపోయేది. కుర్రకారు వెనకాల వెక్కిరించేవాళ్ళు. నేనూ ఒకటి రెండుసార్లు నవ్వాను, అబద్ధమెందుకు. అందుకని ఆవిడ మాట్లాడేది తక్కువ, రాసేది ఎక్కువ. మీటింగైతే మూల స్టూలు మీద కూర్చుని ఎవరేమంటే అది షార్ట్‌హ్యాండ్‌లో గీకేసేది. ఆ గీతలు చూస్తే కోడి కెలికినట్టుండేవి. తర్వాత దాన్నే మినిట్స్ అని టైపు కొట్టి అధ్యక్షుడి చేత సంతకం పెట్టించేది. ఆ అధ్యక్షుణ్ణి మేం కప్పుల దొర అనేవాళ్ళం. మొలలోతు నీళ్ళలో దిగగా ఎవడూ చూడలేదు గానీ, గోడ మీద ఏ ఫొటో చూసినా కప్పు ఆయన చేతిలోనే ఉండేది, గెలిచిన పిల్లలు వెనకాల మునివేళ్ళ మీద నిలబడి మొహాలు చూపించుకునేవాళ్ళు. సంఘం నడిచేదేమో సర్కారు సొమ్ముతో. ఆయన మాత్రం వాళ్ళ తాతగారి కొలనైనట్టు తిరిగేవాడు.

ఏం చెప్తున్నాను? ఆఁ, బోర్డు. మూడు మీటర్ల ఎత్తున డైవింగ్ బోర్డు ఉండేది, చెక్కది. అది మధ్యలో పగిలింది. కోచ్ నన్ను పైకి తీసుకెళ్ళి చూపించాడు. "ఏమంటావు మేస్త్రీ?" అన్నాడు. వేలు పెట్టి చూశాను, గోరు దిగింది. "పిల్లల్ని ఎక్కనివ్వకండి సార్" అన్నాను. ఆయన మీటింగులో చెప్పాడు. ఒకసారి కాదు, మూడు మీటింగుల్లో. ఈలోగా పెద్దమనుషులు కూర్చునే గ్యాలరీకి మాత్రం కొత్త రేకులు పడ్డాయి. ఎక్కనివ్వనంటే నీ బదులు ఇంకో కోచ్‌ని చూసుకుంటామన్నారట. పోటీలు నెలలో ఉన్నాయి. పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు. అలా అనకూడదనుకో. ఏదో ఒకటి చెయ్యాల్సింది.

బేకరీ ఆయన కూతురు అక్కడ డైవింగ్ నేర్చుకునేది, పదహారేళ్ళ పిల్ల. మెట్లెక్కుతూ నా పంపు గదిలోకి చెయ్యూపేది. ఒకరోజు పొద్దున ప్రాక్టీసులో మూడోసారి దూకేటప్పుడు ఫట్‌మని శబ్దమైంది, టపాకాయ పేలినట్టు. నేను పరిగెత్తుకెళ్ళేసరికి కోచ్ ఆ పిల్లని గట్టు మీదికి లాగుతున్నాడు. భుజం గట్టుకి తగిలి నుజ్జయింది. ప్రాణానికి ఏం కాలేదు, కానీ ఆ కుడిచెయ్యి మళ్ళీ తల దాకా లేవలేదు. జడ కూడా వాళ్ళమ్మే వేసేది.

రెండోరోజు కప్పుల దొర టైపిస్టమ్మని పిలిచాడు. గోడ పక్కనే ఉన్నాను కదా, అన్నీ విన్నాను. "అమ్మా, ఆ మూడు మీటింగుల కాగితాలు మళ్ళీ కొట్టాలి. కోచ్ బోర్డు మాటే ఎత్తలేదు, సరేనా?" ఆవిడ చాలాసేపు పలకలేదు. నత్తేమో అనుకున్నాను. తర్వాత, "అ... అన్నారండీ" అంది. అంతే. ఆయన బతిమాలాడు, అరిచాడు, ఉద్యోగం ఊడుతుందన్నాడు. "అన్నారండీ. నేను రా... రాశాను." ఇంకో మాట లేదు. చివరికి ఆయన తన సొంత ఆఫీసు గుమాస్తా చేత కొట్టించి, పాతవి చింపి, కొత్తవి పెట్టించాడు. దాంతోపాటు ఒక కాగితం నా దగ్గరికొచ్చింది. బోర్డు పరీక్షించాను, బాగానే ఉంది, అని. పది రోజుల వెనకటి తేదీ. సంతకం పెట్టాను. అప్పుడు మీ అమ్మ నెలల పిల్ల, ఉద్యోగం పోతే పాలడబ్బా ఎవరు కొంటారని మీ అమ్మమ్మతో అన్నాను. అది నిజమే గానీ, అసలు సంగతి అది కాదమ్మా. పెట్టమన్నారు, పెట్టాను. అంత ఆలోచన కూడా చెయ్యలేదు.

సొమ్మిచ్చేది సర్కారు కాబట్టి విచారణకి ఒక అధికారి వచ్చాడు. గ్యాలరీ కింద హాల్లో బల్లేశారు. మినిట్స్ చూశాడు, అంతా శుభ్రంగా ఉంది. నన్ను పిలిచాడు. "సంతకం నీదేనా?" "నాదేనండీ." "బోర్డు చూశావా?" "చూశానండీ, బాగానే ఉంది." వచ్చి కూర్చున్నాను. అప్పుడు లేచింది ఆవిడ, చేతిలో షార్ట్‌హ్యాండ్ పుస్తకం. టైపయ్యాక అవి పారేస్తారని దొర అనుకున్నాడు. ఆవిడ ఒక్కటీ పారెయ్యలేదు. అధికారి తిరగేసి చూసి ఇది నాకెక్కడ అర్థమవుతుందమ్మా, మీరే చదవండి అన్నాడు. చదివింది. గంట పైన పట్టింది. ఒక్కో మాట దగ్గర ఆగిపోవడం, కళ్ళు మూసుకోవడం, మళ్ళీ మొదలెట్టడం. ఫ్యాను తిరుగుతున్నా మెడంతా చెమట. దొర, "ఎంతసేపండీ ఇది, ఇంకెవరైనా చదవకూడదా" అన్నాడు. అధికారి పుస్తకం ఆయన ముందుకి తోసి, "మీరు చదవగలిగితే చదవండి" అన్నాడు. దొర పుస్తకం వెనక్కి నెట్టాడు, ఆవిడ మళ్ళీ అందుకుంది. అప్పుడొచ్చింది ఆ ముక్క. "అధ్యక్షులు: వి... వి... విరిగినప్పుడు చూద్దాంలెండి. అందరూ నవ్వారు." అది కూడా రాసుకుందమ్మా, నవ్వారని. హాల్లో బేకరీ ఆయన ఉన్నాడు. ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఆ తర్వాతి వాక్యం నాది. "కోచ్: పంపు మేస్త్రీ కూడా చూశాడు, పిల్లల్ని ఎక్కనివ్వొద్దన్నాడు." అధికారి తలెత్తి నా వైపు చూశాడు. ఆవిడ చూడలేదు. పేజీ తిప్పింది.

మర్నాడు సర్కారు ఆఫీసు స్టెనోని తెచ్చి, వేరే గదిలో అవే పేజీలు చదివించారు. రెండు మాటలు తప్ప అంతా ఒకటే. దొర దిగిపోయాడు, కమిటీ కమిటీ మొత్తం దిగిపోయింది. ఇకమీదట ఈత కొట్టేవాళ్ళు ఎన్నుకున్న ఇద్దరు కమిటీలో లేకపోతే సర్కారు పైసా ఇవ్వదు, మినిట్స్ వారంలోగా గేటు దగ్గర బోర్డు మీద అంటించాలి, ఇవీ రూళ్ళు. నన్ను మాత్రం చిన్న ఉద్యోగి, ఒత్తిడికి లొంగాడు అని వదిలేశారు. ఆవిడకేం చేశారంటావా? ఏడాది తిరక్కుండా కొత్త కమిటీ టైపిస్టు పోస్టే అక్కర్లేదని తీసేసింది. కొత్తవాళ్ళేనమ్మా, మంచివాళ్ళే. అన్నీ రాసుకునే మనిషి మూల కూర్చుంటే ఎవరికి బాగుంటుంది?

తర్వాత ఆవిడ ట్రెజరీ ఆఫీసు వరండాలో మిషను పెట్టుకుని అర్జీలు కొట్టేది. నా పింఛను కాగితాలకి వెళ్ళాను. వేరేవాళ్ళూ ఉన్నారు, కావాలనే ఆవిడ దగ్గరికే వెళ్ళాను. ఆ రోజు సంగతి ఎత్తి రెండు మాటలు చెప్పాలని. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. గుర్తుపట్టింది. పాప ఏం చదువుతోందని అడిగింది, మీ అమ్మ గురించి. పేరు, చేరిన తేదీ, ఒక్కోటీ అడుగుతూ కొడుతోంది. చివర్లో ఒక గడి ఉంటుంది, ఉద్యోగంలో ఏదైనా తప్పు చేశారా అని. "ఏ... ఏం రాయమంటారు?" అంది, వేళ్ళు మిషను మీద పెట్టి. "లేదండీ" అన్నాను.

లేదు అని కొట్టింది.

...ఆ కళ్ళజోడు ఇటివ్వు. మందులేసుకునే టైమైంది.