బువ్వలాట టీ పార్టీ

కోటిలింగం గారు అబద్ధాలాడరు, కోతలు కోస్తారు. రెంటికీ చాలా తేడా ఉందని ఆయనే చెబుతుంటారు. అబద్ధం వింటే మనిషి లేచిపోతాడట, కోత వింటే కూర్చుంటాడట. మంగళగిరి చీరలు అమ్మీ అమ్మీ జుట్టు నెరిసిన మనిషి. మడత విప్పేలోగా ఓ కథ, అంచు చూపించేలోగా ఇంకో కథ చెప్పేవారు. ఇప్పుడు కొట్టు కొడుకు చూసుకుంటున్నాడు గనక, ఆ కథలన్నీ సాయంత్రాలు రూతు టీ బడ్డీ దగ్గర ఖర్చవుతున్నాయి.

ఆవేళ మాత్రం ఆయన ఊరికే రాలేదు, పని మీద వచ్చారు.

కూతురు రాజ్యశ్రీ ఈ వేసవిలో ఇటు బదిలీ అయి, కర్నూలు నుంచి పిల్లతో సహా పుట్టింటి పక్కవాటాలో దిగింది. మనవరాలు ధనశ్రీకి ఎనిమిదేళ్లు. వీధిలో ఇంకా స్నేహాలు కుదరలేదు. తాతయ్య చిన్నప్పటి సంగతులు వినీ వినీ, ఆ ఆటలూ ఆ తాయిలాలూ అన్నీ పెట్టి, లక్కపిడతల్లో టీ పోసి పార్టీ చేస్తానంది. "పదండి, నాలుగిళ్లకి వెళ్లి బొట్టు పెట్టి పిలిచొద్దాం" అన్నారు ఆయన భార్య వెంకటరావమ్మ గారు. "ఈ రోజుల్లో బొట్టేమిటే, వీధి వాట్సాప్ గ్రూపులో నేను పెడతా" అన్నారు కోటిలింగం గారు. పెట్టారు. అందరూ దణ్ణం బొమ్మలు పెట్టారు, ఒకరిద్దరు పూలగుత్తులు కూడా పెట్టారు. పోయిన ఆదివారం ఒక్క పిల్లా రాలేదు.

ఎవరికీ వీళ్ల మీద కోపం లేదు. ఆ వీధిలో పిలుపంటే గుమ్మం ఎక్కి చెప్పేది. ఫోన్లో వచ్చేది వార్త. అంత చిన్న సంగతి అక్కడే పుట్టి పెరిగిన మనిషికి తట్టలేదు. ధనశ్రీ దీపాలు పెట్టేవేళ దాకా గుమ్మంలో కూర్చుని, లక్కపిడతలు తుడిచి బుట్టలో సర్దేసి, "ఈ ఊళ్లో ఎవరూ రారు తాతయ్యా" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదనిపించింది ఆయనకి. "వచ్చే ఆదివారం చూడు, మన అరుగు పట్టకపోతే నన్నడుగు" అని మాటిచ్చేశారు.

ఇప్పుడు బడ్డీ ముందు బల్ల మీద ఆటో చక్రి ఉన్నాడు, వాడికి ఇద్దరు ఆడపిల్లలు. పోయినేడు రిటైరైన బస్సు కండక్టరు సంజీవరావు గారున్నారు, ఆయన ఇంటినిండా మనవలే. రూతు కూతురు దీవెన సరిగ్గా ధనశ్రీ ఈడుది. "మీ పిల్లల్ని పంపండి" అంటే అయిపోయే పని. కానీ అడగడమంటే కోటిలింగం గారికి నోరు పెగలదు. కొట్లో కూర్చున్నన్నాళ్లూ "కొనండి" అని ఒక్కరినీ అనలేదు. నోరూరించి, "మా పిల్లలు కూడా వస్తారండీ" అని వాళ్లచేతే అనిపించాలని ఆయన ఎత్తు.

"రూతమ్మా, ఈ గ్లాసుల్లో తాగి తాగి మీకు తెలీడం లేదు గానీ, లక్కపిడతలో పోస్తే టీ రుచే వేరమ్మా," అని మొదలుపెట్టారు. "చెప్పుకోదగ్గదేం కాదనుకో. కరోనా వెళ్లిన మరుసటేడు కూచిపూడిలో మా చెల్లెలింట్లో ఓ చిన్న బువ్వలాట టీ పార్టీ చేశాను."

"మీరా? వంటింట్లోకి కూడా వెళ్లని మనిషి?" అంది రూతు, టీ వడపోస్తూ.

"నేనే. ఈ కాలం పిల్లలకి పార్టీ అంటే కేకూ బెలూనూను. కాదర్రా, మా చిన్నప్పుడు మాకేవిష్టమో అవి పెడతాను చూడండి అన్నాను. మరమరాల ఉండలు, నువ్వుల జీళ్లు, నారింజ తొన బిళ్లలు, రేగొడియాలు, పచ్చిమామిడి ముక్కల మీద ఉప్పూ కారం. అరుగు మీద చాప, చాప మీద లక్కపిడతలు. బొటనవేలంత గిన్నె, గోరంత గరిటె. పదిమంది పిల్లలనుకున్నాం, పదిమందే వచ్చారు. ఇంతవరకూ మామూలే."

మామూలు అక్కడితో అయిపోయిందని చక్రికి తెలుసు. ఆటో తాళం జేబులో వేసుకుని బల్ల మీద సర్దుకున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? టీ వాసన వీధి దాటింది. అల్లం నేనే దంచాలే, చేతివాటం అలాంటిది. పక్కవీధి పిల్లలొచ్చారు. వాళ్లని పిలుచుకుపోదామని అమ్మలొచ్చారు. అమ్మలేమయ్యారో చూద్దామని నాన్నలొచ్చారు. పామర్రు నుంచి ఆటోలు కట్టించుకుని జనం! ఆ బొటనవేలంత గిన్నెలోంచి పోస్తున్నాను, పోస్తున్నాను, అడుగు కనిపిస్తే ఒట్టు!"

"అక్షయపాత్రా ఏంటి బాబాయ్?"

"ఒరే చక్రీ, అక్షయపాత్ర దేవుడు ఊరికే ఇచ్చింది. ఇది ఏటికొప్పాక లక్కపిడత, నేను బేరమాడి కొన్నది. తేడా ఉండదూ?"

తేడా ఉంటుందని చక్రి ఒప్పుకున్నాడు.

"సరే, పోయడం నేను పోస్తాను, అంతమందికి అందించేదెవరు? ఊరు కూచిపూడాయె! నాట్యం నేర్చుకునే పిల్లలు ముందుకొచ్చి, ఇత్తడి పళ్లేల అంచుల మీద కాళ్లు పెట్టి, నెత్తిమీద చెంబు బదులు టీ కెటిల్ పెట్టుకుని, తాళం తప్పకుండా జరుక్కుంటూ జరుక్కుంటూ బంతుల వెంట పోసుకుపోయారండీ. చుక్క ఒలికితేనా! ఒక పిల్ల అయితే పాట ముగిసేసరికి పక్క ఊళ్లో తేలింది."

"పళ్లెం మీద ఆడేది స్టేజీ మీద కదండీ. మట్టిరోడ్డు మీద ఎలా జరుగుతుందీ?" అన్నారు సంజీవరావు గారు. ఆయనకి ఏదైనా స్టేజీల వారీగా తేలాలి.

"సిమెంటు రోడ్డండీ. పంచాయతీ వాళ్లు ముందు నెలలోనే వేశారు."

సంజీవరావు గారు తలూపి గ్లాసు అందుకున్నారు. కోటిలింగం గారు ఒక్కొక్కళ్ల మొహమూ చూశారు. వింటున్నారు, నవ్వుతున్నారు. కావలసిన మాట మాత్రం ఎవరి నోటా రావడం లేదు. చీర నచ్చింది గానీ చెయ్యి సంచీలోకి వెళ్లడం లేదన్నమాట. ఇలాంటప్పుడు కొట్లో ఆయన ఇంకో పైమెట్టు చీర తీసేవారు.

"ఇక పొయ్యి మంట చాలలేదు. ఇబ్రహీంపట్నం ఫోన్ కొట్టాను."

"థర్మల్ స్టేషన్‌కా?"

"టీ కాయడానికి ఇంకెవరికి కొడతారమ్మా? అక్కడ ఓ ఇంజనీరు గారున్నారు, వాళ్లావిడ చీరలన్నీ మన కొట్లోవే. 'కోటిలింగం గారూ, ఆవిరి ఊరికే ఆకాశంలోకి పోతోంది, మీకెంత కావాలంటే అంత వాడుకోండి' అన్నాడు మహానుభావుడు. ఆవిర్లు కక్కుతూ లావుపాటి గుమ్మటాలుంటాయి చూడు, ఒకదాంట్లో టీపొడి, ఒకదాంట్లో పాలు, ఒకదాంట్లో బెల్లం. ఆ రాత్రి బెజవాడలో బల్బులన్నీ టీరంగులో వెలిగాయి. వెలిగాయా లేదా, నువ్వే చెప్పరా!"

"ఓల్టేజి తక్కువైందనుకున్నాం బాబాయ్."

"అనుకుంటారు మరి. మీకెవరు చెప్పారు గనక!"

రూతు పక్కకి తిరిగి నవ్వుకుంది. "సరే బాబాయ్ గారూ, టీ ఇబ్రహీంపట్నంలో, జనం కూచిపూడిలో. ఎలా చేరుతుంది?"

"అలా అడుగు! చిన్నప్పుడు వానొస్తే మనమేం చేసేవాళ్లం? కాగితం పడవలు. పిల్లలందరినీ కూర్చోబెట్టి పాత పేపర్లతో పడవలు చేయించాను. ఒక్కొక్కటి లారీ అంత. టీ నింపి కృష్ణలో వదిలితే, బ్యారేజీ దగ్గర బందరు కాలవలోకి తిరిగి, ఎవరూ చెప్పకుండానే కూచిపూడి దారి పట్టాయి."

"కాగితం తడిసిపోదూ?"

ఈ ప్రశ్నకి కోటిలింగం గారు నిజంగా నొచ్చుకున్నట్టే చూశారు. "గంజి పెట్టానమ్మా! నేతగాడి కడుపున పుట్టాను, మా అమ్మ వీధి పొడుగునా నూలు సాగదీసి గంజి పెడుతుంటే ఆ కింద ఆడుకున్నాను. ఏది ఎంత గంజి పడితే నీళ్లకి ఆగుతుందో నాకు వేరే ఎవరో చెప్పాలా?"

ఆ ఒక్క ముక్కలో నిజం ఉందని అందరికీ తెలుసు. చల్లారిన గ్లాసు పక్కన పెట్టి ఆయన ఇంకా ముందుకి జరిగారు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? తాగారు, తిన్నారు, ఏడు పెంకులాట ఆడారు. ఇళ్లకెళ్దామంటే బస్సుల్లేవు. ముంజెలు కూడా పెట్టాను, తిన్న కాయలు గుట్టలుగా పడున్నాయి. పుల్లలు గుచ్చి ముంజికాయల బండి కట్టాను. ముందు చక్రం బెజవాడ బెంజి సర్కిల్ దగ్గరుంటే, వెనక చక్రం ఇంకా కూచిపూడి దాటలేదు. జనాన్నంతా ఎక్కించి, పంగలకర్రతో వెనకనుంచి నేనే తోసుకొచ్చాను. ఉయ్యూరు దగ్గర ఆర్టీసీ బస్సుని దాటేశాం కూడాను!"

"ఆగండాగండి," అన్నారు సంజీవరావు గారు గ్లాసు దించి. "ఆ ఏడు ఆ రూట్లో డ్యూటీ నాది. నాకే ముంజికాయల బండీ కనబడలేదే?"

"మిమ్మల్ని నేను చూశానండీ. తల వంచుకుని చిల్లర సరిచూసుకుంటున్నారు. పిలుద్దామనుకున్నాను. మీ లెక్క తప్పుతుందని ఊరుకున్నాను."

సంజీవరావు గారు దించిన గ్లాసు మళ్లీ ఎత్తారు. అది అచ్చంగా ఆయనే. చక్రి పొట్ట పట్టుకుని నవ్వాడు.

నవ్వులైతే అయ్యాయి గానీ, పిల్లల మాట ఇంకా ఎవరూ ఎత్తలేదు. పొద్దు వాలుతోంది. చక్రి జేబులోంచి తాళం తీస్తున్నాడు. వీళ్లిప్పుడు లేచిపోతే ఆదివారం ఆ పిల్ల మళ్లీ గుమ్మంలో కూర్చుంటుంది. కోటిలింగం గారు ఇక అన్నిటికన్నా పైమెట్టున ఉన్నది దించారు.

"అసలు సంగతి చెప్పనే లేదు! టీలో బెల్లం కలవలేదని ఎవరో అన్నారు. గుడిగోపురమంత బొంగరం చేయించి, బ్యారేజీ మీద నిలబడి, తాడు చుట్టి కృష్ణలోకి ఒక్క విసురు విసిరాను. నది నది అంతా గిర్రున తిరిగింది. ఇసక తేలింది, చేపలకి కళ్లు తిరిగాయి, బెల్లం చివరి పలుకు దాకా కలిసింది. ఆ బొంగరం ఇంకా ఆగలేదు. నీళ్ల అడుగున తిరుగుతూనే ఉంది. కావలిస్తే వినండి!"

చెయ్యెత్తి అందరినీ ఊరుకోమన్నారు. అందరూ నిజంగానే ఊరుకున్నారు. స్టవ్వు మీద పాలు సన్నగా ఉడుకుతున్నాయి.

రూతు స్టవ్వు తగ్గించి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"బాబాయ్ గారూ, ఒకటడగనా? అంతమందిని ఎలా పిలిచారు?"

"ఆఁ?"

"కూచిపూడిలో అంత జనం వచ్చారన్నారు కదండీ. వాళ్లని ఎలా పిలిచారూ అని. మొన్న ఆదివారం పాల కోసం పోతూ మీ గుమ్మంలో మీ పాపని చూశాను. కొత్త గౌను వేసుకుని కూర్చుంది. ఎవరికోసమమ్మా అంటే, పార్టీ అండీ అంది."

కోటిలింగం గారు నోరు తెరిచారు. థర్మల్ స్టేషన్‌ని, బందరు కాలవని, ఆర్టీసీ బస్సుని అవలీలగా దాటొచ్చిన నోరు ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయింది.

"ఫోన్లో చూశామండీ," అంది రూతు మెల్లగా. "మీ చుట్టాల పిల్లలకేమో అనుకున్నాం. పిలవని పేరంటానికి పిల్లని ఎలా పంపుతాను చెప్పండి? దీవెన నాలుగు రోజులుగా అడుగుతూనే ఉంది, ఆ చిన్న గిన్నెలు చూసొస్తానని."

"మా వాళ్లూ అంతే బాబాయ్," అన్నాడు చక్రి. ఇప్పుడు నవ్వడం లేదు. "ఇంత నదిని తిప్పేబదులు ఒక్క మాట అంటే పోయేది కదా?"

కోటిలింగం గారికి సిగ్గేసింది, వెంటనే ప్రాణం లేచొచ్చింది కూడా. దీవెన అడుగుతోందట. చక్రి పిల్లలూ అడుగుతున్నారట. ఆయన బల్ల మీంచి లేచి, ఉత్తరీయం సర్దుకుని, చేతులు జోడించారు.

"ఆదివారం సాయంత్రం మా ఇంట్లో పార్టీ. మీ పిల్లల్ని పంపండి."

ఆయన నోట అంత పొట్టి మాట ఆ బడ్డీ దగ్గర ఎవరూ ఎన్నడూ వినలేదు. ఇంకేమైనా వస్తుందేమోనని కాసేపు చూశారు. రాలేదు.

"పంపుతామండీ," అంది రూతు. "అయినా రావమ్మ గారితో ఓసారి ఇంటికి రండి. దీవెనకి మీరే చెబితే దాని సంతోషం చూద్దురు గాని."

"ఇప్పుడే. ఆవిణ్ణి తీసుకుని ఇప్పుడే బయల్దేరతాను," అన్నారాయన చెప్పులు వెతుక్కుంటూ.

సంజీవరావు గారు మాత్రం మొహం ముడుచుకుని కూర్చున్నారు.

"మీ మనవలు రారా ఏమిటండీ?" అన్నారు కోటిలింగం గారు కంగారుగా.

"వాళ్లొస్తారు. ఎందుకు రారూ?" అన్నారు సంజీవరావు గారు. ఖాళీ గ్లాసు చేతిలో ఇటూ అటూ తిప్పారు. "ఆ నారింజ తొన బిళ్లలు నిజంగా ఉంటాయా, అదీ కోతేనా?"

"ఉంటాయండీ. సీసాడు తెచ్చిపెట్టాం."

"రేగొడియాలు?"

"అవీను. మా ఆవిడ ఎండబెట్టింది."

"మరైతే అవి ఎవరి చిన్నప్పటివండీ? పిల్లలవా, మనవా?"

కోటిలింగం గారు మొహమంతా నవ్వు చేసుకున్నారు. "మనవే. మీరూ రండి సంజీవరావు గారూ, తప్పకుండా రండి."

"ఇక్కడ కాదండీ," అన్నారు సంజీవరావు గారు, గొంతు తగ్గించి. "ఇంటికొచ్చి, మా ఆవిడ వినేలా పిలవండి. లక్కపిడతలో టీ తాగడానికి పోతున్నానని నేను చెబితే, కోతలు కోస్తున్నానంటుంది."