చెంచురామయ్య రాయించిన ఉత్తరం

చెంచురామయ్య తెలుసుగా మీకు, సంతలో పెళ్లాన్ని మర్చిపోయొచ్చినాయన? ఆయనే. ఏమైందంటే, ఆదెమ్మ గాజులు బేరమాడతా ఉంది, ఈయనేమో ఆమె ఎక్కిందనుకొని బండి తోలుకొచ్చేశాడు. ఇంటికాడ దిగి చూస్తే ఎనక సీటు ఖాళీ! ఆమెకి ఒళ్లు మండి, ఆటో ఎక్కి నేరుగా పుట్టింటికి పోయిందంట. ఫోన్ చేస్తే ఎత్తదు, ఎళ్తే తలుపు తియ్యదు. ఈయన తలుపు బయట కాసేపు నిలబడి తిరిగొచ్చేవాడు. వారం రోజులు చద్దన్నం, పచ్చిమిరపకాయ. మనిషి సగమయ్యాడనుకో.

అప్పుడెవరో చెప్పారంట, ఫోన్లో ఏఐ ఉంది, అడిగితే ఉత్తరం రాసిపెడద్దని. సరే, "నా పెళ్లాం అలిగింది, రమ్మని రాయి" అన్నాడు. ఆమె పేరేంటని అది అడిగితే సిగ్గుపడతా చెప్పాడంట. టకటకా రాసేసింది. కళ్లజోడు కనపళ్లా, చదవకుండానే పంపాడు. అక్కడ ఆదెమ్మ వదిన పైకి చదివింది: "ప్రియమైన ఆదెమ్మా, మీ భావాలను గౌరవించడంలో నేను విఫలమయ్యాను. మన బంధంలో మీ విలువ అపారమైనది." అది ఇని ఆదెమ్మ బావురుమంది. ఏడవదా మరి? ఇరవయ్యేళ్ల కాపరంలో "ఏమేయ్" అనడమేగానీ ఆయన ఆమెని పేరు పెట్టి పిలిచిందే లేదు. ఇప్పుడు పేరంట, పైగా మీరంట! "అమ్మో, మా ఆయన్ని ఏదో గాలి పట్టిందే, లోపల్నుంచి అదే మాట్లాడతందే!" అని ఒకటే ఏడుపు.

ఇంకేముంది, వాళ్లమ్మ వేపమండలు విరుచుకొని, కూతుర్ని ఎంటేసుకొని వచ్చింది. ఉత్తరం పనిచేసిందని మురిసిపోతా ఎదురొచ్చాడు చెంచురామయ్య. వీపు మీద ఫెడీమని పడింది. "ఎవరు నువ్వు? చెప్పు!" అని ఒకటి. "అల్లుడుగారూ, ఏమనుకోమాకండి, మిమ్మల్ని కాదు, లోపలున్నోణ్ణి కొడతన్నా" అని ఇంకోటి. "ఏమేయ్, మీయమ్మని ఆపవే!" అని అరిచాడీయన. "మర్చిపోయొచ్చా, తప్పు నాదే! కానీ ఎనకున్నావనుకొని నాలుగు మైళ్లు నీతోనే మాట్లాడుకుంటా వచ్చానే! గుంట వచ్చిన కాడల్లా గట్టిగా పట్టుకోమని చెప్పానే! పలక్కపోతే అలిగావనుకున్నానే!"

ఆదెమ్మ తల్లి చెయ్యి పట్టుకొని, "ఆపమ్మా, ఈయన మా ఆయనే" అందంట. అని, కళ్లు తుడుచుకుంటానే నవ్విందంట.

ఇప్పుడు బండెక్కగానే ఆయన వీపు మీద ఒక గుద్దు గుద్దుద్ది, ఎక్కానని. ఆ ఫోన్ని మాత్రం ఏమనమాకండయ్యా. అది అంత అన్యాయంగా రాయబట్టే గదా, ఆమె పరిగెత్తుకొచ్చింది!